ఎక్కువ తెలుపుకు ఒప్పుకోని మావయ్య

మా మావయ్య మొన్న గురువారం ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. మా ఉద్దానంలో చాలామందిని తీసుకుపోయిన కిడ్నీ జబ్బే ఆయన్నీ తీసుకుపోయింది. టెక్కలి నుంచి ఆయన కొడుకు, అంటే మా బావ, ఫోన్ చేసి "నాన్న ఎల్లిపోయాడే" అన్నాడు. 

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పలాసలో కంప్యూటర్ మీద త్రీడీ బొమ్మలు చేసిపెట్టే చోటు మాదొక్కటే. మాది అంటున్నాను గానీ అది మావయ్యది. కట్టబోయే ఇళ్లకు బొమ్మలు, జీడిపప్పు అట్టపెట్టెలకు బొమ్మలు చేసేవాళ్లం. డిగ్రీ అవగానే నేనూ అక్కడే చేరాను. ఒక కంప్యూటర్లో ఆకారం తయారయ్యేది, రెండోదాంట్లో వెలుగునీడలు పడేవి, మూడోదాంట్లో బొమ్మ అచ్చుకు సిద్ధమయ్యేది. ఒక్కోదాని ముందు ఒక్కో మనిషి.

మావయ్య ఓర్పు గల మనిషని ఎవరైనా చెబితే నమ్మకండి. టీ కాస్త ఆలస్యమైతే వీధంతా వినపడేలా కేకలేసేవారు. రంగు దగ్గర మాత్రం ఆయన ఓర్పుకు అంతుండేది కాదు. పొద్దున్నే మానిటర్లు వేయించి, అవి బాగా వేడెక్కేదాకా పని ముట్టనిచ్చేవారు కాదు. నేను తొందరపడితే, "నిద్రమొకంతో ఉన్నోణ్ణి పట్టుకుని ఊరి సంగతులు అడుగుతావేటే? తెర కూడా అంతే" అనేవారు.

ఒకసారి ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ యజమానురాలు వచ్చారు. అంతవరకూ ఆవిడ పని వైజాగ్ వాళ్లకే ఇచ్చేవారు. మొదటిసారి మాకిచ్చి చూద్దామనుకున్నారు. ఆవిడకు నచ్చితే మిగతా ఫ్యాక్టరీలూ వస్తాయి, నచ్చకపోతే దుకాణం మూసుకోవడమే. పెట్టె మీదికి గిన్నె నిండా పప్పు, అదీ బొమ్మ.

పలాసలో పుట్టినవాళ్లకు ఒక రోగం ఉంది. తెల్లపప్పే మొదటి రకం, పసుపు తిరిగితే విలువ పోయినట్టే అని పాలతోపాటు తాగేస్తాం. మొదటి మనిషికి తన తెర మీద పప్పు పసుపుగా కనిపించింది, తెలుపు పెంచాడు. రెండో తెర మీద అదే పప్పు మసకగా కనిపించింది, అక్కడా పెంచారు. మూడో తెర కిటికీ ఎండకు వెలవెలబోయింది, అక్కడ ఇంకాస్త. అచ్చు నమూనా చూసి ఆవిడ, "ఏటిది? పప్పా, సుద్దముక్కలా?" అన్నారు.

విచిత్రం, ఆ రోజు మావయ్య ఎవర్నీ తిట్టలేదు. ఆవిడ దగ్గర గడువు అడిగి, మానిటర్ల మీటలు ఎవరూ తిప్పకుండా టేపు అంటించారు. ఆకుపచ్చ గోడలకు బూడిద రంగు వేయించారు. "సావింటికేసినట్టు ఈ రంగేటి మావయ్యా?" అన్నాను. "గోడ నోరు మూసుకుంటేగాని తెర మాట ఇనబడదే" అన్నారు.

తెరకు అంటించి రంగు కొలిచే పరికరం ఒకటి వైజాగ్‌లో తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చి, మూడు తెరలనూ ఒక్క దారికి తెచ్చారు. అసలు దొంగ సాఫ్ట్‌వేర్ లోపల దొరికింది. పప్పు ఆకారం మీద తొడగడానికి వాడే ఫోటోలో వెలుగు ముందే కొంత పెంచి ఉంటుంది. లోపలికి తెచ్చుకునేటప్పుడు ఆ పెంపు తీసేసి, పూర్తయిన బొమ్మను బయటికి పంపేటప్పుడు మళ్లీ పెట్టాలి. మేం తీయకుండానే మళ్లీ పెడుతున్నాం. అందుకే అంతా వెలిసిపోతోంది. "కూరలో ఉప్పు ఒకపాలే ఎయ్యాల. వచ్చినోళ్లందరూ ఏత్తే ఎవుడు తింతాడు?" అన్నారు. ముందు తీసి చివర్లో పెట్టే ఆ అమరికనే మూడింటిలోనూ పెట్టించి, ఇకమీదట ఏ పనైనా అందులోంచే మొదలుపెట్టమన్నారు.

రెండో నమూనాలో పప్పు పప్పులాగే వచ్చింది. ఆవిడ చూసి, "బాగుంది గాని, ఇంకొంచెం తెలుపు పెంచండి" అన్నారు. ఒప్పేసుకోండి మావయ్యా అని నేను లోపల ప్రార్థన చేస్తున్నాను. ఆయన ఆవిణ్ణి కిటికీ దగ్గరికి పిలిచి, ఆవిడ తెచ్చిన డబ్బాలోంచి గుప్పెడు పప్పు ఆ కాగితం మీద పోయించారు.

"సూడండమ్మా, రెండూ ఒకటే. ఇంతకన్నా తెలుపు సేత్తే, పెట్టె ఇప్పినోడు బొమ్మని తప్పుపట్టడు, మీ పప్పుని తప్పుపడతాడు. మీ పప్పుకి నేను మాట తేలేను. కాదంటే వైజాగోళ్లకే ఇచ్చుకోండి."

ఆవిడ కాగితం మీంచి ఒక పలుకు తీసి నోట్లో వేసుకుని, "అలాగే కానీండి" అన్నారు. ఆ తర్వాత మాకు పనికి కొరత రాలేదు. ఈ రోజు నేను నా కంటిని నమ్ముకుని బతుకుతున్నానంటే, ఆ చూపు ఆయన పెట్టిందే.

నిన్న చర్చి ఆవరణలో మావయ్య కోసం ఆదరణ కూడిక. ఫ్లెక్సీ పని బావ నాకే అప్పజెప్పాడు. "మొకం కాసింత తెల్లగా సెయ్యవే, నలుగురూ వత్తారు" అన్నాడు. మా వైపు పోయినవాళ్లందరినీ తెల్లగా చేసే పంపిస్తారు. మావయ్యది భావనపాడు సముద్రపొడ్డు ఎండలో పెరిగిన నలుపు.

"సెయ్యను బావా."

"ఆకరిపాలి కూడా నలుపేనా?"

"మనం ఫ్లెక్సీ మీద పెడతన్నది ఆయన్ని."

బావ ముఖం తిప్పుకున్నాడు. కూడికకు ముందు అత్త మెల్లగా ఫ్లెక్సీ దగ్గరికి వచ్చింది. మావయ్య ముక్కు మీద వేలు పెట్టింది.

"కళ్లజోడు ఒత్తిన గుంట కూడా ఉందే" అంది.

ఆ గుంటలో చెమట పట్టినట్టు, పైటకొంగుతో అక్కడ నెమ్మదిగా అద్దింది.