గుంపుకు దూరంగా నిలిచిన చుక్క

గత జూన్ రెండో గురువారం, ఉప్పల్‌లోని మా పరిశోధనశాలలో జరిగిన సంఘటన ఇది. ఇరవై రెండేళ్లుగా ఇన్సులిన్ నిరోధకతపై పనిచేస్తున్న నన్ను కాదని, కొత్త ప్రాజెక్టు బాధ్యతను అప్పటికే నాచారం అమ్మాయి స్వరూపకు అప్పగించారు. నా కడుపు మండిపోయింది.

ఆరోగ్యవంతుల నమూనాలు చాలనప్పుడు సిబ్బందే రక్తం ఇవ్వడం మా ఆనవాయితీ. సీసాపై పేరు ఉండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది. ఆ రోజు సమావేశంలో స్వరూప చూపిన గ్రాఫులో, ఆరోగ్యవంతుల గుంపుకు దూరంగా ఒక చుక్క కనిపించింది. దొరికిందనుకున్నాను.

"కొలవడమే రానివారికి ప్రాజెక్టు ఎందుకు?" అని అందరి ముందూ లేచి అడిగాను.

"కొలత తప్పు గాదు మేడం, మళ్ల జేసి సూసిన. గా మనిషికే ఇన్సులిన్ సరిగ పనిజేస్తలేదు."

"అయితే ఆ నమూనా సంఖ్య చెప్పు!"

"పదిహేడు, మేడం."

అది నా సీసా. కుర్చీలో కూలబడ్డాను.

"ఏమైంది మేడం, గట్ల కూసున్నరు?" అని అడిగిన స్వరూప, మరుక్షణమే గ్రహించి గొంతు తగ్గించింది. "ఫికర్ జెయ్యకున్రి. జల్ది తెలిసింది, మంచిదే అయింది."

ఇప్పుడు వైద్యుడు చెప్పినట్లు తిండి మార్చుకుని, రోజూ నడుస్తున్నాను. ప్రాజెక్టు గురించిన అసూయ చాలావరకు తగ్గింది. సాయంత్రం టీ వేళ స్వరూప నా ఎదురుగా కూర్చుని జిలేబీ తింటున్నప్పుడు మాత్రం, మళ్లీ మొదటికే వస్తోంది.