గని ముందు కొబ్బరికాయ

మా వంశంలో మగవాళ్ళు గనిలోకి దిగరు. గూడూరు దగ్గర తాతగారికి అభ్రకం గనులుండేవి. ఏటా దసరాకి ఆయన గని ముందు కొబ్బరికాయ కొట్టి, ముక్కలు కూలీలకు పంచి, జీపెక్కి ఇంటికొచ్చేసేవారు. "కాస్త పెద్దవాడివవ్వు, ఆ కాయ నీ చేతే కొట్టిస్తా" అనేవారు నాతో. నేను పెద్దయ్యేలోపే గనులు చేజారాయి. ఆ వంతు నాకు రానేలేదు.

ఐర్లండ్‌లో, డబ్లిన్ రేవు పక్కన డాక్‌ల్యాండ్స్‌లో కొత్త ఆఫీసులు వరసగా లేస్తున్న రోజుల్లో నాకక్కడ ఉద్యోగం. రాస్కామన్ కొండల్లో మూతపడిన బొగ్గుగనిని జనానికి చూపిస్తున్నారని మా ఆవిడ ఒక శనివారానికి టికెట్లు తీసింది. ముందురోజు నేను బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని ఇండియన్ షాపులో ఒక కొబ్బరికాయ కొన్నాను. పచ్చడికనుకుంది ఆమె.

లాంగ్‌ఫర్డ్ దాటాక దారి సన్నబడింది. రెండు పక్కలా రాతిగోడలు, తడిసిన గొర్రెలు. కారు ఆమే నడిపింది. వెనక సీట్లో మా అమ్మాయి పక్కన కాయ దొర్లుతూనే ఉంది.

గని దగ్గర దిగి నేను కాయ చేతిలోకి తీసుకున్నాక గాని మా ఆవిడకు అర్థం కాలేదు.

"ఏందండీ ఇది? వీళ్ళ గనికి మీరు కాయ కొట్టేదేంది?"

"ఎవరి గనైతేనేం? తాతగారి తర్వాత కొట్టాల్సింది నేనే."

"అబ్బో, జమీందారుగారు! జనం చూస్తుండారు, నా పరువు తీయబాకండి."

"డాడీ, ప్లీజ్. ఎవ్రీవన్స్ లుకింగ్," అంది అమ్మాయి.

హెల్మెట్లు పంచుతున్న గైడు మా దగ్గరికొచ్చాడు. ఒకప్పుడు ఆ గనిలోనే పనిచేసిన ముసలాయన. కాయ చూసి "లంచ్‌కా?" అన్నాడు. మా ఇంటి ఆచారం చెప్పి, అనుమతి అడిగాను. ఎవరినైనా ఏదైనా అడగడం నాకు అలవాటు లేని పని.

"గ్రాండ్, దానికేం. ఆ మూల రాయి మీద కొట్టుకోండి. ఈ కొండలో మేం పగలగొట్టకుండా వదిలేసింది అదొక్కటే," అన్నాడు.

ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది. నీళ్ళు నా బూట్ల మీద పడ్డాయి. గైడు ఇచ్చిన చాకుతో ముక్కలు కోసి, వచ్చినవాళ్ళందరికీ పంచాను.

"తర్వాత మీ తాతగారు ఏం చేసేవారు?" గైడు నములుతూ అడిగాడు.

"ఇంటికెళ్ళేవారు. యజమానులు లోపలికి దిగరు."

"మా యజమానీ దిగేవాడు కాదు," అంటూ నా చేతిలో హెల్మెట్ పెట్టాడు. "కాకపోతే ఆయన టికెట్ కొనలేదు."

అమ్మాయి అప్పటికే సొరంగం ముందు నిలబడి నాకోసం చెయ్యి చాపింది. పైకప్పు నా భుజాల ఎత్తే ఉంది. తాతగారి పొడవు నాకొచ్చింది. హెల్మెట్ పెట్టుకుని అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకొంచెం వంగండి," అంది మా ఆవిడ వెనకనుంచి.

వంగాను.