లైటార్పే గురునాథరావుగారు

గురునాథరావుగారికి వెలుగుతున్న లైటు కనబడితే ఆర్పేయాలి. అది ఎవరి లైటు, ఎందుకు వెలుగుతోంది, దాని కింద కూర్చుని ఎవరైనా అన్నం తింటున్నారా అన్న విచారణ ఏమీ లేదు. మా ఇంటికి వస్తే చెప్పులు విప్పకముందే ఆయన చెయ్యి వరండా స్విచ్చు మీద పడేది. "బాగున్నారా భాగ్యరేఖమ్మా" అన్న పలకరింపు ఎప్పుడూ చీకట్లోంచే వినబడేది. భిలాయిలో ఆయన పక్క క్వార్టర్లో అన్నేళ్ళు కాపురం ఉన్నాం గానీ, సాయంత్రం పూట ఆయన ముఖం సరిగా చూసిన గుర్తు నాకు లేదు.

దీనికంతకీ కారణం పెరట్లో ఉన్న టెలిస్కోపు. అది కొన్నది కాదు. ఒక వేసవంతా మందపాటి గాజుబిళ్ళని ఇంకో గాజుబిళ్ళ మీద పెట్టి, మధ్యలో గరుకుపొడి వేసి, వీధంతా పళ్ళు పులిసేటట్టు అరగదీసి ఆయనే అద్దం తయారు చేసుకున్నారు. గొట్టం పీవీసీ పైపు. స్టాండు మాత్రం వాళ్ళావిడ సూర్యావతి గారి కుట్టుమిషనుది. పాపం ఆవిడ పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి మిషను గచ్చు మీద ఉంది, స్టాండు ఆకాశం వైపు తిరిగి ఉంది. సగం కుట్టిన నా జాకెట్టు చాలా కాలం సగం కుట్టిన జాకెట్టుగానే ఉండిపోయింది.

ఆ టెలిస్కోపులోంచి ఆయన చూసేది చందమామనీ శనిగ్రహాన్నీ కాదు. అవి చిన్నపిల్లలకట. ఆయనకి కావలసినవి నక్షత్రాల గుంపులు, ఇంకా దూరాన మసగ్గా ఉండే గెలాక్సీలు. అవి కనబడాలంటే చీకటి కావాలి. ఉక్కు ఊళ్ళో చీకటి ఎక్కడ దొరుకుతుంది? పైగా ఈయనగారి ఉద్యోగం మెల్టింగ్ షాపులో. పొద్దస్తమానం కరిగిన ఉక్కు ముందు నిలబడి వచ్చే మనిషికి సాయంత్రం మా నలభై వాట్ల బల్బు చూస్తే కళ్ళు మండిపోయేవి.

"ఇరవై లక్షల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగమ్మా అది. ఇంత దూరం వచ్చి, ఆఖరికి మీ వరండా బల్బు దగ్గర ఓడిపోవాలా? అవమానం కాదేటి?" అనేవారు.

ఆయన అలా అన్నాక లైటు వెయ్యడానికి నాకే సిగ్గేసేది.

ఇక వీధి దీపం. తీసేయమని ఆఫీసుకి వెళ్ళి అడిగితే వాళ్ళు నవ్వి టీ ఇచ్చి పంపించారు. మర్నాడు పొద్దున్న లేచి చూద్దుం కదా, స్తంభం మీద దీపానికి నల్ల గొడుగు కట్టి ఉంది. అది మా వారిది. వానాకాలం వచ్చాక గొడుగు ఇప్పించమని మా వారు అడిగితే, "అది డ్యూటీలో ఉంది లక్ష్మీప్రసాద్‌ గారూ" అన్నారు గురునాథరావుగారు.

ఆ వీధిలోకి స్కూటర్లు కూడా హెడ్‌లైటు ఆర్పుకునే రావాలి. ఒకసారి మా వారు అలాగే వచ్చి కాలవలో పడ్డారు. గురునాథరావుగారు పరుగున వచ్చారు.

"దెబ్బ తగిలిందా?"

"కాలు ఇరుక్కుంది. ఆ టార్చి వెయ్యండి బాబూ!"

"వద్దొద్దు! ఇప్పుడే కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. నేను చెప్తాను, మీరు తడుముకుంటూ లెగండి. కుడిచెయ్యి పెట్టండి... అది కుక్క. ఇంకొంచెం పక్కకి."

దీపావళి నాడు ఆయన తలుపులు వేసుకుని పడుకునేవారు. కార్తీక పున్నమికి మాత్రం ఆయనే అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చేవారు. "ఎన్ని దీపాలైనా పెట్టుకోండమ్మా. ఎలాగూ చందమామ నా కొంప ముంచీసాడు." వినాయకచవితి పందిట్లో కరెంటు పని తను చూసుకుంటానని ఆయన ముందుకొస్తే కమిటీవాళ్ళు ఎంతో సంబరపడ్డారు. మొదటి రోజు హారతి అయిన మరుక్షణం పందిరంతా చీకటి. "దేవుడికి లైటెందుకు, ఆయన కళ్ళకి కనబడదా?" అన్నారట. రెండో రోజు నుంచి ఆయనకి ప్రసాదం పంచే పని ఇచ్చారు.

ఆయన ఆర్పలేని లైటు ఒక్కటే. ప్లాంటులో కొలిమి నుంచి తీసిన మడ్డిని, అంటే స్లాగుని, గుట్ట మీద పోసినప్పుడు ఆకాశం సగం మేర నారింజరంగులో భగ్గుమంటుంది. కొన్ని నిమిషాలపాటు మా పెరళ్ళు, బట్టలారేసిన తీగలు, మనుషుల ముఖాలు అన్నీ వెలిగిపోతాయి. దానికీ ఆయన ఊరుకోలేదు. వాళ్ళ బావ గణపతిరావు స్లాగు బండ్ల దగ్గర డ్యూటీ. ఫోను మాత్రం మా ఇంట్లో.

"బావా, ఒక్క పావుగంట ఆపలేవేటి?"

అవతల గణపతిరావు అరుపు నాకు వంటింట్లోకి వినబడేది. "ఆపితే ఫర్నేసు ఆగిపోద్ది బావా! నీ గెలాక్సీ రేపూ ఉంటాది, నా ఉద్యోగం ఉండదు!"

"పోనీ, ఎప్పుడు పోస్తారో అదేనా చెప్పు."

అలా రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి, మా లైటు ఆర్పి, మా ఫోనులో స్లాగు టైము కనుక్కుని వెళ్ళేవారు.

తొంభై ఆరులో అనుకుంటాను, మా ఎదురింటి రాజాబాబు కూతురు సత్యశ్రీకి ముఖం మీద బొల్లి మచ్చలు వచ్చాయి. పెదాల చుట్టూ, ఒక కంటి చుట్టూ. పక్క ఊరు దుర్గ్‌లో కాలేజీ చదువుతున్న పిల్ల. గలగలా మాట్లాడేది, అందరినీ అనుకరించి నవ్వించేది. మచ్చలు వచ్చాక ఎదురైన ప్రతివాళ్ళూ ముందు ముఖం కేసి చూడడం, తరవాత అయ్యో అనడం, ఆ తరవాత ఒక వైద్యం చెప్పడం. వినీ వినీ ఆ పిల్ల కాలేజీ మానేసింది. గదిలో లైటు కూడా వేసుకోకుండా కూర్చునేది. కొత్త క్లాసులు మొదలయ్యేలోగా బయటికి రాకపోతే చదువు అక్కడితో సరి అని రాజాబాబు బెంగ పెట్టుకున్నాడు. ఆ పిల్ల నాన్నమ్మ చిన్నమ్మలు గారు గడప మీద కూర్చుని ఏడ్చేవారు.

అలాంటి ఇంటికి ఈ మహానుభావుడు వెళ్ళి, గుమ్మంలో నిలబడి, వీధంతా వినబడేటట్టు ఏమన్నారో తెలుసా?

"రాజాబాబూ, మీ అమ్మాయి రోజంతా చీకట్లోనే ఉంటాదట కదా! ఈ సెక్టార్లో అంత మంచి కళ్ళు ఇంకెవరికీ ఉండవు. సాయంత్రాలు నాకు అప్పివ్వు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పిచ్చికి కూడా ఒక హద్దుండాలి. చిన్నమ్మలు గారైతే చీపురు కోసం చూశారు. అయితే లోపలి గదిలోంచి చాలా రోజుల తరవాత ఒక చిన్న నవ్వు వినబడింది. చిన్నమ్మలు గారు చీపురు వదిలేశారు.

మర్నాడు పొద్దుగూకాక సత్యశ్రీ చున్నీ ముఖం నిండా కప్పుకుని వచ్చింది. తీరా వస్తే ఆ పెరట్లో చున్నీ అక్కర్లేదు. పక్కనున్నది మనిషో అరిటిచెట్టో తెలియనంత చీకటి. గురునాథరావుగారు ముందు కృత్తికల గుంపు చూపించారు. మన పెద్దవాళ్ళు పిల్లలకోడి అంటారే, అది. తరవాత ఆండ్రోమెడా గెలాక్సీ దగ్గరికి వచ్చారు.

"ఏమీ లేదు మావయ్యా. ఖాళీగా ఉంది."

"సూటిగా చూడకమ్మా. నీరసంగా ఉన్న వెలుగుని సూటిగా చూస్తే మాయమైపోతాది. దాని పక్కకి చూడు. చూడనట్టు ఉండాలి, చూడాలి."

తరవాత పెద్ద కేక. "మిల్ గయా మావయ్యా, దొరికింది! పలక తడిగుడ్డతో తుడిస్తే మిగిలిన సుద్దలా ఉంది!"

ఆ రోజు నుంచి ఆ పిల్ల రోజూ వచ్చేది. వారాలు గడిచేసరికి గురునాథరావుగారికే కనబడని మసకలు పట్టేసేది. ఇంక ఆయన లైట్ల మీద దాడి పెంచారు. ఏడయ్యేసరికి వీధంతా తిరిగి తలుపులు కొట్టడమే. నేను విసుక్కుంటూనే ఆర్పేదాన్ని. ఇంకో వింత కూడా గమనించాను. అందరూ కబుర్లలో ఉండగా హఠాత్తుగా, "సత్యా, లోపల జంతికల డబ్బా ఉంది, పట్రా అమ్మా" అనేవారు. లేకపోతే మంచినీళ్ళు. లేకపోతే కళ్ళజోడు, అది ఆయన ముక్కు మీదే ఉన్నా సరే. ఆడపిల్లకి ఇన్ని పనులు చెప్తాడేమిటి అని నాకు కోపం వచ్చేది.

మాఘంలో ఒకరోజు మబ్బు పట్టింది. ఆకాశంలో ఒక్క చుక్క లేదు. ఇవాళైనా లైటు వేసుకుని పేపరు చదువుకుందామని కూర్చున్నాను. టక్కుమని చీకటి.

"బాగున్నారా భాగ్యరేఖమ్మా. ఒక ఫోను చేసుకుంటాను."

"ఇవాళేటి అన్నయ్యగారూ? మబ్బు కదా!"

ఆయన అప్పటికే గణపతిరావు నంబరు తిప్పేశారు. "ఎప్పుడు బావా ఇవాళ? ఏడున్నరకా? సరే, అంతకు ముందే లోపలికి పంపించీస్తాను."

"ఎవర్నండీ పంపించడం?"

ఆయన తడబడ్డారు. "టెలిస్కోపుని" అని గబగబా వెళ్ళిపోయారు.

కుట్టుమిషను స్టాండు మీద స్క్రూలతో బిగించి, నలుగురు పట్టినా కదలని టెలిస్కోపుని! నాకు ఉండబట్టలేదు. సూర్యావతి గారి గిన్నె ఇవ్వాలన్న వంకతో వెళ్ళాను. పెరట్లో టెలిస్కోపుకి గుడ్డ కప్పి ఉంది. చీకట్లో సత్యశ్రీ గురునాథరావుగారిని అనుకరిస్తోంది. "అవమానం కాదేటి భాగ్యరేఖమ్మా!" అని అచ్చు ఆయన గొంతే. సూర్యావతి గారు పడి పడి నవ్వుతున్నారు. ఇంతలో ఆయన అద్దం ఊడదీసిన వాచీ మీద ముల్లు తడిమి, "సత్యా, జంతికల డబ్బా పట్రా అమ్మా" అన్నారు. ఆ పిల్ల లోపలికి వెళ్ళిందో లేదో, ఆకాశం భగ్గుమంది. మబ్బుకి తగిలి వెలుగు రెండింతలై పెరడంతా పట్టపగలైంది. ఆ వెలుగు తగ్గి మళ్ళీ చీకటి పడ్డాక సత్యశ్రీ డబ్బాతో వచ్చింది.

నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సూర్యావతి గారు నన్ను పక్కకి లాగారు.

"ఎవరితోనూ అనకండి. ఆ పిల్ల చీకట్లో అయితేనే బయటికొస్తంది. అందుకే మబ్బైనా వానైనా లైట్లార్పిస్తన్నారు. కారణం తెలిస్తే అందరూ జాలిపడతారు, పిల్ల మళ్ళీ రాదు. గురునాథరావుకి పిచ్చి అనుకుంటే అదే నయం అంటారు."

ఆయన మీద నాకు ఒక్కసారిగా చెప్పలేనంత ప్రేమ వచ్చింది. ఇంటికెళ్ళి ఫ్రిజ్జు తలుపు తెరిస్తే వచ్చే లైటు మీద కూడా గుడ్డ కప్పాను.

ఆ అమావాస్యకి వీధి ఆడవాళ్ళందరినీ నేనే పోగుచేశాను. ఆకాశం కడిగినట్టుంది. టెలిస్కోపు దగ్గర వరస కట్టాం. చీకట్లో సత్యశ్రీ గొంతు ఒక్కటే వినబడుతోంది. "సూటిగా చూడకండి పిన్నీ. పక్కకి చూడండి. ఏ తొందరా లేదు, అది ఎక్కడికీ పోదు." గురునాథరావుగారు కొత్త పెళ్ళికొడుకులా అటూ ఇటూ తిరుగుతున్నారు.

చిన్నమ్మలు గారి వంతు వచ్చింది. ఆవిడ హుషారుగా నడిచి వెళ్ళి, కుట్టుమిషను స్టాండు తగిలి, ఢామ్మని పడిపోయారు.

"నాన్నమ్మా!" అన్న కేకా, టక్కుమని స్విచ్చు చప్పుడూ ఒక్కసారే వినబడ్డాయి. పెరట్లో పెద్ద లైటు వెలిగింది. ఆ లైటు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఎవరా లైటేసింది!" అని గురునాథరావుగారు అలవాటు కొద్దీ గర్జించారు.

"నేనే మావయ్యా."

స్విచ్చు దగ్గర సత్యశ్రీ. చున్నీ ఎక్కడో పడిపోయింది. వీధి అంతా అక్కడే ఉంది, ఆ పిల్ల ముఖం నిండా వెలుగుంది. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంతసేపూ నేర్చుకున్న పాఠం ఒక్కటే కాబట్టి అందరం టక్కున పక్కకి చూశాం. ఒకావిడ అరిటిచెట్టు కేసి, ఒకావిడ నీళ్ళ ట్యాంకు కేసి, నేను మా గోడ కేసి.

సత్యశ్రీ నాన్నమ్మని లేవదీస్తూ మా వరసంతా ఒకసారి చూసింది. పకపకా నవ్వింది.

"అరే, అందరూ అలా పక్కకి చూస్తారేటి? నేనేమైనా గెలాక్సీనా? ఇక్కడే భిలాయిలో ఉన్నాను, సూటిగా చూడండి!"

"దాన్ని తరవాత సూద్దురు, ముందు నా మోకాలు సూడండే!" అన్నారు చిన్నమ్మలు గారు కింద నుంచి.

అప్పుడు మేం నవ్విన నవ్వు గుట్ట మీద గణపతిరావుకి కూడా వినబడి ఉంటుంది. గురునాథరావుగారి చెయ్యి స్విచ్చు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చి జేబులో దూరింది.

"ఉండనీ అమ్మా, లైటు ఉండనీ" అన్నారు.

ఆ మాట ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కసారే. నా పక్కకి వచ్చి కళ్ళు తుడుచుకుంటూ, "చూశారా భాగ్యరేఖమ్మా, ఒక్క బల్బు వెయ్యగానే కళ్ళెలా పాడైపోయాయో" అని సణిగారు.

వేసవి వెళ్ళాక సత్యశ్రీ మళ్ళీ కాలేజీకి వెళ్ళింది. పొద్దున్నే ఎర్రటి ఎండలో, చున్నీ భుజం మీద వేసుకుని, బస్టాపులో నిలబడి ఎవరినో అనుకరిస్తూ ఉండేది. గురునాథరావుగారు మామూలు మనిషైపోతారని మేం ఆశపడ్డాం. అదేం జరగలేదు. ఆయనకి నిజంగానే గెలాక్సీలు కావాలి.

పైగా ఇప్పుడు వాళ్ళు ఇద్దరు. ఒకరోజు సాయంత్రం వరండాలో బియ్యం ఏరుకుంటున్నాను. గేటు చప్పుడైంది. తల ఎత్తేలోగా టక్కుమని చీకటి పడింది.

"నమస్తే అత్తా, బాగున్నారా?" అంది సత్యశ్రీ.