పార్లర్ అక్క క్యాలెండర్

బాన్సువాడలో పదిహేనేళ్లుగా మా కనుబొమ్మలు దిద్దిన పార్లర్ అక్క మొన్న మంగళవారం పొద్దున పోయింది. గర్భసంచి క్యాన్సర్. ఫోన్‌లో ఆ మాట విన్నాక నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గు వేసింది. ఎందుకో చెప్తాను.

బీర్కూర్ నుంచి బస్సులో కాలేజీకి వచ్చే రోజుల్లో, చున్నీ గడ్డం దాకా కప్పుకుని మొదటిసారి ఆమె దుకాణం మెట్లెక్కాను. ఆమె కుర్చీని అద్దం వైపు నుంచి గోడ వైపు తిప్పింది. గడ్డం తీయించుకుంటున్నప్పుడు ఏ ఆడపిల్లా తన ముఖం చూసుకోకూడదని ఆమె నియమం. దారం కొస పళ్ల మధ్య పట్టుకుని పని కానిచ్చి, అప్పుడు అడిగింది.

"నెల నెల వస్తుందా పిల్లా?"

"నాలుగు నెల్లాయె అక్కా."

"ఎంట్రుక నా పని. అదెందుకొచ్చిందో డాక్టరమ్మ పని. రేపే దవాఖానకు పో."

పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయంది మా అమ్మ. అక్క అమ్మను దుకాణానికి పిలిపించి మరీ అడిగింది: "పెండ్లి ఏమన్న గోలీనా వదినా, ఏసుకుంటే తగ్గనీకి?"

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. నా ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక ఎక్కువెక్కువగా తయారవుతోందట. దాని ఒత్తిడికి అండాశయాల్లో, ఆడవాళ్లకు కొద్దిగా ఉండాల్సిన మగ హార్మోన్ పెరుగుతుంది. గడ్డం మీద వెంట్రుకలు దానివే. గుడ్డు ఎదిగి విడుదల కాదు, నెలసరి తప్పుతుంది. స్కానింగ్‌లో నీటి బుడగల్లా కనిపించేవి అలా మధ్యలో ఆగిపోయిన గుడ్ల సంచులే. ఎవరి పాపమూ కాదు. ఇంకో మాట కూడా అంది: నెలసరి ఏళ్ల తరబడి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది, అది క్యాన్సర్‌గా మారొచ్చు, ఊరికే వదిలేయొద్దు అని. ఆ మాట నేను అక్కకు చెప్పలేదు. ఆమెకు తెలియనిదా అనుకున్నాను.

గోడ వైపు తిప్పిన కుర్చీకి ఎదురుగా క్యాలెండర్ ఉండేది. నెలసరి వచ్చిన తారీఖు మీద కాటుక పెన్సిల్‌తో మా పేరులో మొదటి అక్షరం రాయించేది. రెండు నెలలు నా అక్షరం కనపడకపోతే తిట్లే. "థ్రెడింగ్ బంద్. ముందు గోలీలు ఏసుకొని రా."

ఆమెకూ గడ్డం ఉండేది, తానే తీసుకునేది. పిల్లలు కాలేదని భర్త వేరే కాపురం పెట్టాడు. "నాకా? ఎప్పుడో బంద్ అయింది. పీడ పాయె," అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. నిరుడు వానాకాలంలో ఒకరోజు వెలిగిపోతూ చెప్పింది: "ఇగ నాకూ వచ్చిందే, ఆరేండ్లకు!" క్యాలెండర్ మీద తన గుర్తు పెట్టుకుంది, అక్షరం లేని ఉత్త చుక్క. నేను సంబరంగా మిర్చి బజ్జీలు తెప్పించాను. దవాఖానకు పో అక్కా అనలేదు. అంత తెలివితక్కువదాన్ని.

దసరా దాటాక ఆమె లేవలేకపోయింది. అప్పటికే చేయి దాటిపోయిందన్నారు. చూడ్డానికి వెళ్తే, మంచం మీంచి నా గడ్డం తడిమి అడిగింది: "వస్తుందా?"

"వస్తుంది అక్కా."

అన్నేళ్లలో ఆమెను నేను ఒక్కసారీ అలా అడగలేదు.

మూడో రోజు వాళ్ల చెల్లెలు షట్టర్ తీస్తే లోపలికి వెళ్లాను. కుర్చీ గోడ వైపే ఉంది. కూర్చున్నాను. నిరుటి క్యాలెండర్ ఇంకా తీయలేదు. పేజీలు వెనక్కి తిప్పాను. ఒక నెలలో ఒకటే చుక్క. మరుసటి నెలలో పది. ఆ తర్వాతి నెలలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఆ పేజీ మీదే, ఒక గడిలో, ఆమె చుక్క పక్కన నా అక్షరం ఉంది. నా చేత్తో నేనే రాసుకున్నది.