కార్పెట్ మీద మూడో గ్లాసు

మా అయ్య పోయిన పదకొండో రోజు నేను విస్కీ పరీక్షకు కూర్చున్నాను. వినడానికి పెద్ద విషాదంలా ఉంటుంది గానీ, ఆ రోజు నాకు బాధ లేదు, భయం లేదు, ఆకలి కూడా సరిగా లేదు. జీపు ఎక్కమంటే ఎక్కాను, దిగమంటే దిగాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అరకులో ఒక గెస్ట్‌హౌస్‌లో రూమ్ సర్వీసు చేసేవాణ్ణి. అంటే దుప్పట్లు మోయడం, ఇంత చలేమిటని టూరిస్టులు నిలదీస్తే చలి తరఫున క్షమాపణ చెప్పడం. బార్ చూసే ఆయన విశాఖ వెళ్లిపోతున్నాడు. ఆ చోటు నాకు గానీ, అనకాపల్లి నుంచి వచ్చిన వంటవాడికి గానీ ఇస్తామన్నారు మేనేజరు గారు. నాకు కావాలనిపించింది. బార్‌లో మనిషి ఒకచోట నిలబడి ఉంటాడు, మెట్లెక్కడు. మా అయ్యకు చెబితే "సీసాల కాడ నిలబడ్డమూ ఓ ఉద్యోగమేట్రా" అని నవ్వాడు. ఆయన జన్మంతా చేసింది అదే, జీతం లేకుండా.

పాడేరు దారిలో కొండ మీది మా ఊళ్లో అయ్య ఇప్పసారా కాచేవాడు. ఎండిన ఇప్పపూలు ఊరబెట్టి, కుండ మీద కుండ పెట్టి, వెదురు గొట్టంలోంచి చుక్కచుక్కా దింపేవాడు. కాస్త పొయ్యిలో చల్లితే మంట నీలంగా లేవాలి. లేవకపోతే "ఇది జొరం వచ్చినోళ్లకి పట్టండి" అనేవాడు. ఎవరైనా సరే తాగే ముందు రెండు చుక్కలు నేల మీద పోయాలి, చనిపోయిన పెద్దలకు. పోయనివాణ్ణి ఆయన కొట్టేవాడు కాదు, గ్లాసు లాక్కునేవాడు. అది ఇంకా ఘోరం.

విస్కీ సంగతులు నాకు నేర్పింది విశాఖ నుంచి నెలకోసారి వచ్చే రిటైరైన లెక్చరర్ గారు. గబుక్కున తాగకు, ముందు వాసన చూడు, కాసిని నీళ్లు కలిపి మళ్లీ చూడు అనేవారు. ఇక్కడ చవగ్గా దొరికేవాటిలో చాలావాటికి మూలం చక్కెర ఫ్యాక్టరీలో మిగిలిన మడ్డి. మొలకెత్తిన బార్లీతో చేసి చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచేది మాల్ట్. దానికి వేరే ధాన్యంతో చేసినది కలిపితే బ్లెండెడ్. ఆ బార్లీని చిత్తడి నేలలోంచి తవ్విన మట్టి కాల్చి, ఆ పొగలో ఆరబెడితే పొగ మాల్ట్.

"మట్టి కాలుస్తారా సార్?"

"కాలుస్తారు."

"కట్టెలు దొరకవేటో, పాపం."

ఆయన నవ్వి చేతిలోని గ్లాసు సగం ఒలకబోసుకున్నారు.

అయ్య జ్వరంతో పోయాడు, జీపు వచ్చేలోగా. నేను ఏడుస్తానని ఊరంతా నా మొహమే చూసింది. "గుంటడు ఏడవడేటి?" అంది అత్త. "ఆడికింకా తెలవలేదు" అంది అమ్మ. నాకు తెలుసు. రాలేదంతే. పదో రోజు మామ సారా నింపిన ఆకుడొప్ప చేతికిచ్చి "మీ అయ్యకి పొయ్యరా" అన్నాడు. పోశాను. టూరిస్టుకు పోసినట్టే, ఒక్క చుక్క పక్కన పడకుండా.

మర్నాడు మధ్యాహ్నం పరీక్ష, మూడు గ్లాసుల్లో ఏది ఏ రకం విస్కీయో చెప్పాలి. బార్ గదిలో ఎర్ర కార్పెట్ అప్పుడే పరిచారు. మేనేజరు గారి పక్కన లెక్చరర్ గారు కూర్చున్నారు. వంటవాడు నాకంటే ముందే వచ్చి, మూడు గ్లాసులకీ "బాగుంది సార్" అని చెప్పి వెళ్లాడట. నేను మొదటి గ్లాసు ఎత్తాను.

"ఏంటయ్యా అది, కింద పోస్తున్నావు?" అన్నారు మేనేజరు గారు.

చూసుకున్నాను. నిజమే. "అలవాటండి. పెద్దలకి."

"కొత్త కార్పెట్!"

"పెద్దలు పాతోళ్లేనండి."

ఆయన యాష్‌ట్రే ఒకటి నా ముందుకు జరిపి, "మీ పెద్దల్ని ఇందులో తాగమను" అన్నారు. మొదటిది మడ్డి అని చెప్పాను. రెండో గ్లాసులోంచి యాష్‌ట్రేలో రెండు చుక్కలు పోసి, బ్లెండెడ్ అన్నాను. రెండూ సరైనవేనని లెక్చరర్ గారు తలూపారు.

మూడోది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఇంట్లో పొయ్యికి పైన, విత్తనాలు ఆరే అటక పక్కన, అయ్య తన పొగపట్టిన చలి చొక్కా తగిలించేవాడు. గ్లాసులో ఆ చొక్కా ఉంది. జవాబు నోట్లోనే ఉంది, రెండు మాటలు. చెప్పలేదు. చెయ్యి వంగింది. యాష్‌ట్రేలో కాదు, నేల మీదికే. రెండు చుక్కలు కాదు, గ్లాసంతా. నెమ్మదిగా, అయిపోయేదాకా. అప్పుడూ ఏడుపు రాలేదు.

"ఇంతకీ ఏమిటది?" అన్నారు మేనేజరు గారు.

"అయిపోయిందండి" అన్నాను.

చోటు వంటవాడికిచ్చారు. తెలిసినవాడు అవసరమే గానీ, గెస్టు డబ్బిచ్చి కొన్నది వీడు నేలకు పోస్తే ఎలా అన్నారు మేనేజరు గారు.

ఆ ఆదివారం ఇంటికెళ్తే అమ్మ అడిగింది. "ఉద్యోగం ఏటయింది?"

"ఇంకొకడికిచ్చారు."

"నువ్వేటి సేసావు?"

"అయ్యకి పోసాను."

"ఎంత?"

"గ్లాసుడు."

అమ్మ కాసేపు పొయ్యిలో కట్టె సర్దింది. "నీళ్లు కలిపావేటి?"

"లేదు."

"నయం. కలిపితే మీ అయ్యకి పడదు."

తిరిగొచ్చాక కార్పెట్ శుభ్రం చేసే పని నాకే పడింది. సబ్బు పెట్టి రెండుసార్లు తోమాను. పొగ వాసన పోలేదు. మూడోసారి తోమమన్నారు. బకెట్ పక్కన పెట్టుకుని, తోముతున్నట్టు చాలాసేపు కూర్చున్నాను.