గాటు లేని ఇప్పమొక్క

“పిల్లను నా దగ్గరికి రానియ్యకు.” “సరే తీ, మాట్లాడకు, నొప్పి లేస్తది.” మా ఇంటాయనకు, నాకు నడుమ ఆఖరి మాటలు అవే. బుగ్గల క్యాన్సర్ పుండు ముదిరి పోయిండు, పిల్ల అప్పటికింకా చిన్నది. నిన్న పినపాక నుంచి ఆ బిడ్డే వచ్చింది, కడుపుతోని ఉంది. అన్నం తినుకుంట బుగ్గ పట్టుకుంది. వాకిట్లకు గుంజుకపోయి ఎండల నోరు తెరిపించిన. “ఏందమ్మా, పచ్చి మామిడికాయ తింటే పొక్కింది. అంగట్ల ఎడ్లను చూసినట్టు చూస్తవేంది?” అని నవ్వింది. నాకు నవ్వు రాలే.

ఆయన చుట్ట మనిషి. పెండ్లిపీటల మీద గూడ చెవికి చుట్ట చెక్కుకొనే కూసుండు. అప్పట్ల ఖమ్మం దవాఖానల డాక్టరమ్మను అడిగిన, ఇది పిల్లకు గూడ వస్తదా అని. “చెడ్డయి బుగ్గల కణాలమ్మా. పిల్ల పుట్టింది వేరే కణాల నుంచి, బీజకణాలంటరు. బుగ్గల చెడుపు వాటిల్లకు పోదు. అంటుకునే రోగం గూడ గాదు” అంది. ఒక్క ఒంట్ల రెండు తీర్ల కణాలా, ఒక్కింట్ల రెండు పొయ్యిలున్నట్టు? నా మొఖం చూడకుండ చీటీ రాసుకుంటనే చెప్పింది. ఏడ్చే ఆడదాన్ని ఊకుంచాలంటే ఎవరైనా గట్లనే చెప్తరు. నేను నమ్మలే, ఆయన గూడ నమ్మలే.

మా అడవిల ఎవరి ఇప్పచెట్టుకు వాళ్ళు గొడ్డలి గాటు పెట్టుకుంటరు, పువ్వు ఏరేకాడ తగువు రాకుండ. మా చెట్టుకు ఆయన పెట్టిన గాటు కాడ బొడిపె లేచింది, అచ్చం ఆయన బుగ్గ లెక్కనే. ఆయన పోయినంక ఆ చెట్టు గింజ తెచ్చి దొడ్ల పెట్టిన, ఎట్ల మొలుస్తదో చూద్దామని. ఏటేటా బెరడు తడిమి చూస్త. గాటు లేదు, బొడిపె లేదు, నున్నగుంది. “మొక్కను దొంగను చూసినట్టు చూస్తవేంది వదినా?” అని మా ఆడబిడ్డ ఎక్కిరిస్తది. ఇప్ప నిదానంగ పెరిగే జాతి, ఇంకా లేతదే గదా, ముదిరినంక ఏమైతదో అని నా మనసు.

పొద్దుగాల బిడ్డ ఆ మొక్క కాడ నిలబడి అడిగింది, “నాయినకు నేనంటే ఇష్టం లేకుండెనా అమ్మా? ఆయన ఒళ్ళె కూసున్నట్టు యాదికే లేదు.” మొఖం మీద చెప్పేది గాదు, ఉత్తరం రాపియ్యాలె అనుకున్న. అందుకే నర్సు చదువు చదివే నా తమ్ముని బిడ్డవని నిన్ను కూసుండబెట్టి చెప్తున్న. రాయవే, ఇష్టం లేక గాదు, నీకొస్తదని భయపడి దూరం పెట్టిండు. డాక్టరమ్మ మాట నిజమైతే, నువ్వు ఒళ్ళె కూసోవాల్సిన దినాలు ఉత్తగనే పోయినయ్. ఏందే, తల ఊపుతున్నవ్? “అవ్ అత్తా, నిజమే. నా పుస్తకంల గూడ గట్లనే ఉంది.” ఆ పుస్తకం రాసింది గూడ డాక్టర్లేనాయె! నా అనుమానం తీరేదాక దినాలు ఆగుతయా, పోయినయి మళ్ళొస్తయా. సరే, ఏదీ, రాసిన ఉత్తరం మొదటిసంది సదువు. ఒక్క మాట మింగకు.