ఏడో వరస కర్టెన్

పిల్లలు ఎక్కకముందు నర్సక్క ఖాళీ బస్సులో వెనక నుంచి ముందుకు నడుచుకుంటూ వచ్చేది. ప్రతి కిటికీ దగ్గరా ఆగి, కర్టెన్‌ను సరిగ్గా సగానికి జరిపేది. మరీ మూసీ కాదు, మరీ తెరిచీ కాదు. ఆ వేళకి కువైట్‌లోని ఫింటాస్‌లో ఐదున్నర అయ్యేది. తేమ ఎక్కువున్న రోజుల్లో అద్దాల బయట ఆవిరి పట్టి, వీధి దీపాలు నీళ్లలో కలిపిన పసుపులా కనిపించేవి. సముద్రం దగ్గర్లోనే ఉందని తెలిసేది గానీ ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. బస్సు నేల మీద కాక మరింకేదో మెత్తటిదాని మీద ఆగి ఉన్నట్టుండేది.

డ్రైవర్ మునాఫ్‌ది రాయచోటి. అద్దంలోంచి చూస్తూ రోజూ ఒకే మాటతో ఏడిపించేవాడు. "ఏమక్కా, కర్టెన్లకు సేవ అయిపాయనా? ఇంగ బండి తీద్దునా?"

"తియ్యి. నువ్వు తొందరవడ్తే పొద్దు ముందుగాల పొడుస్తదా?" అనేది నర్సక్క.

స్కూలుకు వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు ఉంటుంది. పొద్దు అటునుంచే వస్తుంది. కొందరు పిల్లలు వెలుగు కావాలని కర్టెన్ లాగేస్తారు, కొందరు నిద్ర కావాలని మూసేస్తారు. ఎడమవైపు వాళ్లు ఎండ లేకపోయినా ఏదో ఒకటి చేస్తారు. అందరూ దిగిపోయాక ఆమె మళ్లీ ఒకసారి నడిచేది. నిన్నటిదాకా తెరిచే పిల్ల ఇవాళ మూసిందంటే, మధ్యాహ్నం ఎక్కేటప్పుడు ఆ పిల్ల మొహం ఇంకొంచెం సేపు చూసేది. ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. చెప్పకూడదు కూడా. బస్సు ఆయా తలుపు పక్క సీటు వదలకూడదనీ, పిల్లల ఇంటి సంగతులు అడగకూడదనీ ఉన్న కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. తప్పితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి కూడా, పోతుంది.

నర్సక్కది జగిత్యాల జిల్లాలో కోరుట్ల దగ్గర ఒక ఊరు. పదేళ్లకే బీడీలు చుట్టడం నేర్చింది. భర్త పోయాక, పదకొండేళ్ల కూతురు గంగామణిని అక్క దగ్గర ఉంచి కువైట్ వచ్చింది. అర్దియాలో ఒకే ఇంట్లో పదకొండేళ్లు పనిచేసింది. మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలికి ఐదుగురు పిల్లలు. పెద్దపిల్లకు పద్నాలుగేళ్లు వచ్చాక గది తలుపు మూసుకోవడం మొదలైంది. నర్సక్క అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి వచ్చేది. పళ్లెం ఎలా తిరిగొచ్చిందో చూసి ఆ పిల్లకు ఆ రోజు ఎలా గడిచిందో తెలుసుకునేది.

అదే వయసులో ఉన్న సొంత కూతురు మాత్రం ఆమెకు ఫోన్లో ఉండేది. వారానికి ఒకసారి, ఒకే ప్రశ్న, ఒకే జవాబు. బాగున్నవా బిడ్డా? బాగున్న అమ్మా. కువైట్ వచ్చిన ఎనిమిదేళ్లకు, సెలవు మీద ఊరికి వెళ్లినప్పుడు, తల దువ్వించుకుంటూ గంగామణి చెప్పింది. పదిహేనో ఏట రెండు నెలలు బడికి పోలేదట. ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకునేదట. దేశం కాని దేశంలో ఉన్న చెల్లెలు దిగులు పడుతుందని పెద్దమ్మ దాచింది. ఆ రెండు నెలలు కూడా బాగున్ననే అన్నవు గద అని నర్సక్క అడిగితే, కూతురు వెనక్కి తిరగకుండానే, "మరేమనాలె అమ్మా?" అంది.

అర్దియా ఇంటి పిల్లలు పెద్దవాళ్లయ్యాక కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, ఆమె వేరే పనికి పోవడానికి ఒప్పుకున్నాడు. ఆమె ఇఖామా మార్చుకుని స్కూలు బస్సులో చేరింది.

పోయినేడాది స్కూలు తెరిచాక ఆ బస్సులోకి వసుమతి వచ్చింది. హైదరాబాద్ అమ్మాయి. తండ్రి ఇక్కడ డాక్టరు. మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన చేస్తూ, దాని కోసం రోజూ ఇదే బస్సులో స్కూలుకు వెళ్లేది. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు మనసులో బరువు ఎలా మోస్తారు, కిందపడితే తిరిగి ఎలా లేస్తారు అన్నది ఆమె విషయం. నలభై ప్రశ్నలు తయారుచేసింది. పేర్లు రాయనక్కర్లేదు. తల్లిదండ్రులు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి కాబట్టి, ప్రశ్నలన్నీ చూసుకోవడానికి ముందే ఇళ్లకు పంపింది.

అక్కడే తప్పు జరిగింది. ఇక్కడి మన ఇళ్లలో పిల్లల చేతికి ఏ కాగితం వచ్చినా అది పరీక్షే. ఇందులో మార్కులు తగ్గితే స్కూలు రికార్డులో పడుతుందేమోనని వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారు. ఫింటాస్‌లో ట్యూషన్ చెప్పే శ్రీనివాసులు మాస్టారు, పాపం మంచి ఉద్దేశంతోనే, నలభై ప్రశ్నలకూ మోడల్ ఆన్సర్లు రాసి ఇచ్చారు. పిల్లలు బట్టీ పట్టారు. బాధ కలిగినప్పుడు ఏం చేస్తావన్న ప్రశ్నకు నూట పద్దెనిమిది మంది ఒకటే రాశారు: లోతుగా ఊపిరి పీల్చి, తల్లిదండ్రులతో చర్చించి, సమస్యను అవకాశంగా మార్చుకుంటాను. ఒకడు పక్కన బ్రాకెట్లో 'రెండు మార్కులు' అని కూడా రాశాడు, నోట్సులో ఉన్నట్టే. దాన్ని బట్టే సంగతి బయటపడింది.

మర్నాడు పొద్దున వసుమతి, నర్సక్క పక్కన కూర్చుని ఆ కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుంది. బయట మంచు. మునాఫ్ నెమ్మదిగా నడుపుతున్నాడు. సముద్రమూ ఆకాశమూ ఒకే తెల్లటి గుడ్డలా ఉన్నాయి. ఏమైందని నర్సక్క అడిగితే, అందరూ బాగున్నామనే రాశారు, ఇందులో ఒక్క నిజమూ లేదు అని చెప్పింది వసుమతి.

నర్సక్క ఆ కట్టలో పై కాగితం అంచు సరిచేసింది. తర్వాత నెమ్మదిగా అంది. "బాగున్న అనే మాటను నేను ఎనిమిదేండ్లు నమ్మిన, వసుమతమ్మా."

అప్పుడే ఆమె మొదటిసారి ఇంకొకరికి కర్టెన్ల సంగతి చెప్పింది. తెరిచే పిల్లల గురించి భయం లేదు. మూసే పిల్లలకు నిద్రో కోపమో ఉంటుంది, అది పోతుంది. ఏడో వరసలో, సముద్రం వైపు ప్రజ్ఞ అనే తొమ్మిదో తరగతి పిల్ల కూర్చుంటుంది. మూడు వారాలుగా ఆ కర్టెన్ నర్సక్క ఎలా పెట్టిందో అలాగే ఉంటోంది. ఎండ సూటిగా కళ్లలో పడుతున్నా ఆ పిల్ల చెయ్యి ఎత్తదు.

"ముట్టుకోని పిల్లను చూస్తెనే నాకు గుబులైతది," అంది.

వసుమతి ఆ రోజు స్కూల్లో ప్రజ్ఞను పలకరించింది. తనకు ఎంతో అండగా నిలిచే తల్లిదండ్రులు ఉన్నారని ఆ పిల్ల చక్కటి ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోయింది. అది పన్నెండో ప్రశ్నకు మోడల్ ఆన్సర్. పిల్ల తనంతట తాను నోరు విప్పితేనే స్కూలు కౌన్సెలర్ ఏమైనా చేయగలదు, కర్టెన్ జరపలేదంటే ఎవరు వింటారు అని వసుమతి దిగులుగా చెప్పింది.

తర్వాతి ఉదయం చివరి స్టాపు దాటాక నర్సక్క తలుపు గడియ సరిచూసి, తన సీటు వదిలి లేచింది. మునాఫ్ అద్దంలో చూసి కనుబొమలు ఎత్తాడు. బస్సును ఇంకా నెమ్మది చేశాడు. ఆమె ఏడో వరసకు వెళ్లి ప్రజ్ఞ పక్కన ఖాళీ సీట్లో కూర్చుంది. ఎండ పిల్ల మొహం మీద పరుచుకుని ఉంది. కనురెప్పల మీద కూడా.

"బిడ్డా, నాకు బాగున్న అని చెప్పకు. అదొక్కటి ఇడిసి ఏదన్న చెప్పు."

కిటికీలోంచి ఖర్జూరం చెట్లు ఒక్కొక్కటే వచ్చి వెనక్కి వెళ్లిపోతున్నాయి. ఆ పిల్ల అటు చూస్తూనే అంది.

"కర్టెన్ తనే లాగేది ఆంటీ. నాకు నిద్రొస్తే మూసేది, సముద్రం వస్తే తీసేది. నాకు ఎప్పుడు ఏం కావాలో తనకే తెలుసు."

ఆ మాట పక్క సీట్లో కూర్చునే స్నేహితురాలి గురించి. ఆ పిల్ల తండ్రి కాంట్రాక్టు ఖలాస్ అయి, ఇంటిల్లిపాదీ కువైట్ వదిలి వెళ్లిపోయారు. గురువారం బస్సెక్కింది, శుక్ర శనివారాల సెలవులయ్యాక ఆదివారం ఎక్కలేదు. నర్సక్క ఆ ఖాళీ సీటును రోజూ చూస్తూనే ఉంది. ఏటా నాలుగైదు సీట్లు అలా ఖాళీ అవుతుంటాయి కాబట్టి దాని గురించి ఆలోచించలేదు. కొత్త ఫ్రెండ్స్ వస్తారులే అని ప్రజ్ఞకు ఇంట్లోనూ చెప్పారు. ఇలా స్నేహితురాలు వెళ్లిపోవడం తనకు ఇది ఐదోసారి అంది ప్రజ్ఞ. నిద్ర పట్టడం లేదనీ, టిఫిన్ బాక్సు పడేస్తున్నాననీ చెప్పింది. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "నేనూ లేకపోతే ఈ వరస మొత్తం ఖాళీ. అంతే కదా ఆంటీ?" అంది.

నర్సక్క ఇంకొంచెం దగ్గరికి జరిగింది. పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇది వసుమతమ్మకు చెప్పనా అని అడిగింది. ప్రజ్ఞ తల ఊపింది. ఆ రోజు మొదటి పీరియడ్ మొదలయ్యేలోపే కౌన్సెలర్ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంటికి ఫోన్ వెళ్లింది.

ప్రజ్ఞ తండ్రి అనంతరామ్ విజయవాడ ఇంజనీరు. నెమ్మదైన మనిషి. భయం ఆయనలో మొదట కోపంగా బయటికొచ్చింది. నా కూతుర్ని అడగడానికి బస్సు ఆయా ఎవరని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో రాసిచ్చారు. ఆఫీసు వాళ్లు నర్సక్కను పిలిచి సంతకం పెట్టిన కాగితం చూపించారు. సీటు వదిలిన మాట నిజమేనని ఆమె ఒప్పుకుంది. రూటు మారుస్తారో, పనే తీసేస్తారో పై వాళ్లు రెండు వారాల్లో తేలుస్తారన్నారు. ఆ రెండు వారాలూ ఆమె రోజూ మామూలుగానే కర్టెన్లు సగానికి జరిపింది.

వసుమతి ఆ నూట పద్దెనిమిది ఫారాలూ పక్కన పెట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఇళ్లకు ప్రశ్నలు కాక ఏ విషయం అడుగుతారో చెప్పే ఉత్తరం మాత్రమే వెళ్లింది. కొత్త ఫారంలో మొదటి ప్రశ్న: కువైట్ వదిలి వెళ్లిపోయిన నీ స్నేహితుల్లో ఒకరి గురించి రాయి. పిల్లలు అదనంగా కాగితాలు అడిగారు.

ఒక పొద్దున అనంతరామ్ కూతురితో పాటు స్టాపుకు వచ్చి, మెట్టు దగ్గర నిలబడ్డారు. కంప్లైంట్ వెనక్కి తీసుకున్నానండీ అన్నారు, షూస్ వైపు చూస్తూ. అప్పటికే ఆఫీసు వాళ్లు రూటు మార్చేశారు. పని మాత్రం ఉంచారు. ఆ సంగతి నర్సక్క ఆయనకు చెప్పలేదు.

"పిల్ల నిద్రపోతున్నదా సార్?"

"పోతోంది."

"తింటున్నదా?"

"సగం."

"సగమైతే మంచిదే," అని ఆమె తలుపు వేసింది.

అది ఆ బస్సులో ఆమె చివరి రోజు. పిల్లలు దిగాక ఎప్పటిలాగే నడిచింది. ఏడో వరసలో కర్టెన్ పూర్తిగా మూసి ఉంది. పక్క అంచు నుంచి సన్నటి ఎండ గీత ఒకటి సీటు మీద పడుతోంది.

నర్సక్క ఇప్పుడు అర్దియా మీదుగా వెళ్లే బస్సులో ఆయాగా పనిచేస్తోంది. ఆ బస్సు కిటికీలకు కర్టెన్లు లేవు.